రాయడానికి మన దగ్గరేముంది?

మంగళగిరిలో డిగ్రీ చదివే పిల్లలతో కథ, కవిత రాయడం గురించి మాట్లాడినప్పుడల్లా మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "రాయాలనే ఉంది సార్. కానీ రాయడానికి మా దగ్గరేముంది?" ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కింది మేమే. మేమూ ఒకప్పుడు ఇదే అడిగాం.

ఇది తెలివి లేక అడిగే ప్రశ్న కాదు. బళ్ళో వ్యాసరచన అంటే వెన్నెల రాత్రి, వసంత రుతువు, విహారయాత్ర. సెలవులు ఎట్లా గడిపావో రాయమంటే, కలుపు తీయడానికి పోయిన పిల్ల ఏం రాస్తుంది? చూడని ఊరు చూసినట్టు రాస్తుంది. లేని బతుకును రాయడమే మనకు నేర్పిన మొదటి సాహిత్యం. ప్రేరణ అంటే సరస్వతీ కటాక్షం అన్నారు. ఆ కటాక్షం ఊరు దాటి వాడకు ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేదు.

మన సాహిత్య చరిత్ర ఇంకో సంగతి చెబుతుంది. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు మేఘాన్ని రాయబారం పంపాడు. జాషువా కథానాయకుడు తంజావూరు ప్రాంతపు అంటరానివాడు. శివుడికి తన గోడు చెప్పమని అతను గబ్బిలాన్ని పంపాడు. గబ్బిలమే ఎందుకు? జనం అపశకునమనుకునే ఆ జీవి గుడి లోపలికి పోగలదు, మనిషైన తను పోలేడు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అప్పటికే ఆ గబ్బిలం ఎగిరి ఆరేళ్ళయింది. దానికున్న దారి నాకెందుకు లేదు అన్న ప్రశ్నే ఇక్కడ ప్రేరణ. ఆ ప్రశ్నను మోయడానికి ఇంటి చూరు కింద తిరిగే జీవి సరిపోయింది.

1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త చేతిలో ఉన్నది బిందె. దెబ్బ కాచుకోడానికి ఆమె ఎత్తింది ఆ బిందెనే. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు దళితుల్ని చంపారు. చుండూరులో గొడవ సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని చంపారు. ఈ రెండు ఊళ్ళ తర్వాత తెలుగు కవిత్వం మునుపటిలా లేదు. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' సంకలనాలు వచ్చాయి. బిందె, చెరువు, కాలు. వీటిలో ఏది మన ఇంట్లో, మన ఒంట్లో, మన ఊళ్ళో లేదు?

కాబట్టి మొదట వస్తువు దగ్గర మొదలుపెట్టమంటాం. ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది? కొడవలా, ముంతా, డప్పా? అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది? దాన్ని బయటివాళ్ళు ఎవరు ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకోలేదు? ఈ మూడింటికీ జవాబు రాస్తే సగం కథ అయినట్టే.

రెండోది మాట. కోత అయ్యాక చేలో రాలిన గింజలు ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. 2015 నుంచి రాజధాని కోసం భూసమీకరణ జరిగాక నిడమర్రు, కురగల్లు వైపు ఎన్నో చేలల్లో కోతల్లేవు. చేనుతో పాటు కూలి పోయింది, కూలితో పాటు మాటలూ పోతున్నాయి. అమ్మకు తెలిసి మనకు తెలియని పనిమాటలు పది రాసుకోండి. ఒక్కో మాట వెనక ఒక పొద్దు, ఒక కూలి రేటు, ఒక తగాదా ఉంటాయి.

మూడోది అడగని ప్రశ్న. మాలో ఒకరి అమ్మమ్మకు మంగళగిరి గాలిగోపురం ఇంటిగుర్తు. నాట్లకు పోయి వస్తూ అది కనబడితే ఇల్లు దగ్గరపడ్డట్టే అనేది. ఆ గోపురం దాటి లోపలికి ఎప్పుడైనా పోయావా అమ్మమ్మా అని బతికుండగా ఎవరమూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. ఆ అడగకపోవడం కూడా కథే.

ఎట్లా రాయాలంటే అంబేద్కర్‌ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చూడండి. చిన్నప్పుడు తండ్రి దగ్గరకు గోరేగావ్ పోతుంటే, కులం తెలిసిన బండివాడు బండి తోలనన్నాడు. పిల్లలు రెట్టింపు కిరాయి ఇచ్చి తామే తోలుకున్నారు. దారిలో నీళ్ళు దొరకలేదు. కిరాయి, బండి, దాహం అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడాయన. కన్నీళ్ళ వర్ణన అవసరం పడలేదు.

రెండు జాగ్రత్తలు. మన బతుకంటే దెబ్బలు మాత్రమే కాదు. పత్రికలవాళ్ళు మన దగ్గర బాధే అడుగుతారు. వాడలో పెళ్ళి, పరాచికం, ఆదివారం కూర కూడా రాయాలి. ఇక అమ్మ చెప్పింది రాస్తే అచ్చుకు పంపేముందు అమ్మకు చదివి వినిపించాలి. మాలో ఒకరు అట్లా వినిపిస్తే వాళ్ళమ్మ అంది: "ఏడ్చానని రాశావేంట్రా? నేనేడవలేదు. తిట్టా." కథ మారింది, బాగుపడింది. మన సొంతవాళ్ళ గురించి కూడా మనం పుస్తకాల్లో చదివిన దళిత స్త్రీనే రాస్తున్నామని మాకు అప్పుడు తెలిసింది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో మన గురించి ప్రేమగానే రాసింది. కానీ ఆ కలం పట్టిన చెయ్యి వాడది కాదు. ఇప్పుడు కలం మన చేతిలో ఉంది. ఈ రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటలోనే ఒక పేజీ రాయండి. దిద్దడం తర్వాత చూద్దాం.