దోటి చివర రంపము

తెలుగునాట పెరడు గల యిండ్లలో చూరున కానించిన దోటి యొకటి తఱచుగా కనబడును. పొడుగైన వెదురుగడ, దాని కొనకు కొక్కెమో, కొడవలియో, కాయ నేలరాలి చితికిపోకుండ పట్టుటకై అల్లిన చిక్కమో కట్టియుండును. మునగకాడలు కోయుటకు ఇల్లాలును, తుమ్మమండలు వంచి మేకలకు వేయుటకు కాపరియు, మామిడికాయలు దింపుటకు తోటమాలియు దానినే చేతబట్టుదురు. ఆ కొడవలికి మాఱుగా వంపుదిరిగిన రంపపుటాకును బిగించినచో, చెట్టెక్కనేరని సామాన్య గృహస్థు సైతము నేలపై నిలిచియే తన యింటి వృక్షమును సంస్కరించుకొనగలడు. చూచువారికి ఇది భుజబలముతోడి పనివలె దోచును. నా యనుభవమున మాత్రము ఇది మొదట చూపు పని, పిదప ఓర్పు పని. బలము వంతు చివరిది.

నిచ్చెన వేసికొనరాదా యని యడుగువారు కలరు. కోయబోవు కొమ్మకే నిచ్చెన చేర్చినచో, కొన భారము తెగిపడిన క్షణముననే మిగిలిన కొమ్మ తేలికయై పైకి లేచును, నిచ్చెనకు ఆధారము తప్పును. తెగిన కొమ్మయు మన మనుకొన్న దిక్కుననే పడదు. ఊగి వచ్చి నిచ్చెనను తాకవచ్చును. ఒక చేత రంపమును, వేఱొక చేత రెమ్మను పట్టుకొన్నవానికి అప్పుడు తప్పుకొను తావెక్కడిది? నేలపై నున్నవానికి నాలుగడుగులు వెనుకకు వేయు అవకాశము కలదు. ఆ నాలుగడుగుల కొఱకే ఈ దోటి.

ఈ రంపమునకు పండ్లు, లాగునప్పుడు తెగునట్లు తీర్చబడియుండును. పొడుగాటి గడను పైకి త్రోసిన వంగును, క్రిందికి లాగిన నిటారగును. లాగుటలో గడ బరువును మనకు తోడ్పడును. కావున పైకి జరుపునప్పుడు తేలికగా విడిచి, దిగునప్పుడు మాత్రమే పట్టు బిగింపవలెను. ఆకు వంపుగా నుండుటచే కొమ్మపైనుండి జాఱిపోక గాటునందే నిలుచును. 12 అడుగుల దోటికి సుమారు 14, 15 అడుగుల యెత్తునున్న కొమ్మ అందును. అంతకంటె పొడుగైనచో కొన ఊగులాడి గాటు కుదురదు, మెడయు భుజములును త్వరలోనే అలసిపోవును. వ్రేలిలావు రెమ్మలకు తాడు లాగినంతనే మూసికొను కత్తెర చాలును. మణికట్టులావు కొమ్మ రంపమునకు సులభముగా లొంగును. తొడలావు కొమ్మను నేలనుండి కోయ సాహసింపక, పని తెలిసిన చెట్టెక్కువానిని పిలుచుటయే యుక్తము.

ఇక ఎచ్చట కోయవలె ననునదియే అసలు ప్రశ్న. కొమ్మ మానునుండి వెలువడు చోట కంకణమువలె కొంచెము ఉబ్బిన భాగ మొకటి యుండును. అది కొమ్మది కాదు, మానుది. అమెరికా అటవీశాఖలో 1959 మొదలు 1985 వఱకు పనిచేసిన అలెక్స్ షైగో యను శాస్త్రజ్ఞుడు వేలకొలది మానులను నిలువున చీల్చి, లోపల కుళ్లు ఏ త్రోవను ప్రాకునో, ఎచ్చట నాగునో పరిశీలించెను. 1977 లో హెరాల్డ్ మార్క్స్ తో గూడి వెలువరించిన చిన్నపుస్తకమున ఆయన వివరించిన దేమనగా, మన చర్మమువలె చెట్టు తన గాయమును మాన్చుకొనదు. చెడిన భాగమునకు చుట్టును గోడలు కట్టి దానిని వేఱుచేసి, పైన క్రొత్త కలపను పెంచుకొనును. ఆ గోడ బలముగా లేచునది ఈ కంకణము కడనే. నున్నగా నుండవలెనని మానునకు సమముగా చెక్కినచో కంకణము పోవును, కుళ్లునకు ద్వారము తెఱచినట్లగును. జానెడు మోడు విడిచినను కీడే. ఆ మోడు ఎండి, కుళ్లి, దానిని దాటి చెట్టు మూసికొనలేకపోవును. తారు పూసినంతమాత్రమున కుళ్లు ఆగదు. మా తాతగారినాటి వేపచెట్టునకు అందము కొఱకని నేనే ఒక కొమ్మను మానుకంట చెక్కించితిని. కొన్నేండ్లకు అచ్చట చేయి పట్టునంత తొఱ్ఱ యేర్పడినది. ఆ తొఱ్ఱను చూచినప్పుడెల్ల నాకు నేటికిని మనసు కలుక్కుమనును.

చెట్టుపై నున్నవాడు ఆ కంకణమును చేతితో తడవి తెలిసికొనును. నేలనున్నవానికి కన్ను తప్ప వేఱు దిక్కులేదు. అందుచేత ప్రొద్దుటి యేటవాలు వెలుతురున చెట్టు చుట్టును తిరిగి, ఉబ్బు ఎచ్చట ముగిసి కొమ్మ ఎచ్చట మొదలైనదో రెండు మూడు దిక్కులనుండి చూచి, పిమ్మట దోటి యెత్తవలెను. కొమ్మను ఒక్కసారిగా మొదట కోసిన, సగము తెగగనే బరువునకు విఱిగి, మాను పొడుగునను బెరడును చీల్చుకొని పడును. కావున కొననుండి మూరెడేసి ముక్కలుగా దింపుచు బరువు తగ్గించి, మొదలికి అడుగెడు దూరమున పండ్లు పైకి వచ్చునట్లు దోటిని త్రిప్పి క్రిందివైపున గాటుపెట్టి, దానికి కొంచెము ఆవల పైనుండి తెగగోసి, మిగిలిన మోడును మాత్రమే కంకణపు టంచున తీయవలెను. కొమ్మకు సరిగా క్రింద నెన్నడును నిలువరాదు. గడను ఏటవాలుగా పట్టి ప్రక్కన నుండవలెను. రంపపు పొట్టు కన్నులలో రాలును గనుక కంటద్దములును, తలకు గట్టి టోపియు నుంచుకొనుడు. మామిడిసొన ఒంటిపై పడిన పొక్కును. నిండుచేతుల చొక్కా మేలు.

కరెంటు తీగ కొమ్మకు దగ్గఱగా నున్నచో దోటిని ముట్టనే వలదు. అల్యూమినియపు గొట్టమేగాదు, తడిసిన వెదురును విద్యుత్తును చేతిదాక తెచ్చును. విద్యుచ్ఛాఖవారికి చెప్పి, వారు వచ్చి సరఫరా ఆపి కోయుదాక వేచియుండుడు.

మామిడికి కాయ దిగిన వెంటనే, జ్యేష్ఠాషాఢములలో, ఈ పని ముగించుట లెస్స. ముదిరిన రెమ్మల కొనలనుండియే పూత వెలువడును. క్రొత్త చిగురు ముదురుటకు కొన్ని నెలలు పట్టును. కార్తీకమున రంపము పెట్టినవారు ఆ యేటి పూతను తామే కోసికొన్నవారగుదురు. నడుమ చిక్కువడిన రెమ్మలను తీసి లోనికి ఎండ దిగనిచ్చిన చాలును. పచ్చదనమంతయు ఒక్కనాడే దింపరాదు, ఎండ తగులని బెరడు ఒక్కసారిగా బయటపడిన కాలును.

మా యింటికప్పుపైకి వంగిన మామిడికొమ్మను మూడేండ్ల క్రిందట ఈ రీతిని రెండు ఉదయములు పట్టి దింపితిని. మొన్న జ్యేష్ఠమున మరల దోటితో దాని క్రిందికి పోయి చూడగా, ఉంగరమువలె లేచిన క్రొత్త బెరడు నలుదెసలనుండి గాటును క్రమ్ముకొని, నడుమ చింతగింజంత తావు మాత్రము మిగిల్చియున్నది.