సైకిలుకు సరిపోయే బోల్టు



సైకిలు కొన్న రోజున అది ఒట్టి సైకిలే. తర్వాత మన అవసరాన్ని బట్టి దానికి ఒక్కొక్కటే తగిలిస్తాం. ముందర బుట్ట పెట్టిస్తాం. వెనక క్యారియరు పెట్టిస్తాం. చీర కొంగు చక్రంలో పడకుండా జాలీ పెట్టిస్తాం. బడికి పోయే బిడ్డకు నీళ్ల సీసా స్టాండు పెట్టిస్తాం.

ఇవన్నీ సైకిలును దేనితో పట్టుకొని ఉంటాయి? బోల్టులతో. వేలెడు పొడవు కూడా లేని బోల్టులతో!

కూరగాయల గంప, పాల క్యాను, వెనక కూర్చున్న బిడ్డ. వీటన్నిటి బరువు ఆ చిన్న బోల్టుల మీదనే ఉంటుంది. బోల్టు ఊడితే క్యారియరు ఒక పక్కకు ఒరుగుతుంది. జాలీ ఊడితే కొంగు చువ్వల్లో చుట్టుకుంటుంది. అప్పుడు మనిషే కింద పడుతుంది.

ఒక అక్క ఉందనుకోండి. రోజూ సైకిలు మీద హన్మకొండకు కూరగాయలు తెచ్చి అమ్ముతుంది. ఒకనాడు క్యారియరు బోల్టు దారిలో పడిపోయింది. ఇనుప సామాన్ల దుకాణానికి పోయింది.

"క్యారియరు బోల్టు ఒకటి ఇయ్యి అన్నా."

"ఎంత సైజు అక్కా?"

"ఏమో, గింత ఉంటది" అని వేలు చూపించింది.

ఆయన అందాజుగా ఒకటి ఇచ్చాడు. అది రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. పానా పెట్టి బలంగా తిప్పితే ఎక్కింది. "గట్టిగ పట్టింది" అని అక్క సంతోషపడింది. నాలుగు రోజులకే బోల్టు ఊడింది. చూస్తే ఫ్రేము రంధ్రంలో మరలన్నీ అరిగిపోయాయి. ఇప్పుడు ఏ బోల్టు పెట్టినా గిర్రున తిరుగుతుంది తప్ప పట్టదు. చిన్న బోల్టుతో పోయే పని ఫ్రేము రిపేరు దాకా వచ్చింది. ఆ రోజుల బేరమూ పోయింది.

గట్టిగా ఎక్కిందంటే సరిగ్గా ఎక్కినట్టు కాదు. ఇది ముందు గుర్తు పెట్టుకోవాలి.

మర అంటే ఏమిటి?

పేనిన తాడును చూడండి. దాని మీద పురి చుట్టూ తిరుగుతూ పోతుంది. బోల్టు ఒంటి మీద గీతలు కూడా అట్లాగే తిరుగుతూ పోతాయి. వాటినే మరలు అంటాం. నట్టు లోపల కూడా మరలు ఉంటాయి. బోల్టు మర నట్టు మర సందులో కూర్చోవాలి. రెండు దువ్వెనల పళ్లు ఒకదాంట్లో ఒకటి దూరినట్టు ఉండాలి. ఒక దువ్వెన పళ్లు దగ్గరగా, ఇంకోదాని పళ్లు దూరంగా ఉంటే దూరవు. బలవంతం చేస్తే పళ్లు విరుగుతాయి.

మూడు కొలతలు

బోల్టుకు మూడు కొలతలు ఉంటాయి. మొదటిది లావు. రెండోది పొడవు. మూడోది మరకూ మరకూ మధ్య దూరం.

ఇప్పటి సైకిళ్లలో క్యారియరుకు, సీసా స్టాండుకు ఫ్రేములోనే మరలున్న రంధ్రాలు ఉంటే, వాటికి ఎక్కువగా పట్టేది 5 మిల్లీమీటర్ల బోల్టు. దీన్ని ఎం-5 అంటారు. దీని మరల మధ్య దూరం 0.8 మిల్లీమీటరు. అంటే పది చుట్లు తిప్పితే బోల్టు 8 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. కొన్ని చోట్ల 6 మిల్లీమీటర్ల బోల్టు పడుతుంది. అది ఎం-6.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఎం-5 బోల్టు తలకు మామూలుగా పట్టేది 8 నంబరు పానా. ఎం-6 తలకు 10 నంబరు పానా. పానా మీది అంకె బోల్టు తల వెడల్పు చెప్తుంది. బోల్టు లావు చెప్పదు. "8 నంబరు పానా పట్టింది కాబట్టి 8 బోల్టు ఇయ్యి" అంటే తప్పు వస్తుంది.

అంగుళాల గోల

పూర్వం ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట చేసిన బోల్టు ఇంకోచోట చేసిన నట్టుకు పట్టేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అందరూ ఒకే రకం మరలు చేయాలని లెక్క కట్టి చెప్పాడు. ఆయన లెక్క అంగుళాల్లో ఉండేది. మన దేశంలో మీటర్ల కొలతల కోసం 1956లో చట్టం చేశారు. అయినా అంగుళాల బోల్టులు ఇంకా దొరుకుతున్నాయి.

పావు అంగుళం బోల్టు లావు 6.35 మిల్లీమీటర్లు. ఎం-6 బోల్టు లావు 6 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ల లాగా ఉంటాయి. కానీ విట్‌వర్త్ పావు అంగుళం బోల్టుకు ఒక అంగుళం పొడవులో 20 మరలు ఉంటాయి. ఎం-6కు 25 దాకా ఉంటాయి. ఒకదాని నట్టు ఇంకోదానికి పట్టదు.

పాత రకం నల్ల సైకిళ్ల ఇరుసుకు మరలు ఇంకా సన్నం. అంగుళానికి 26 ఉంటాయి. అందుకే ఇరుసు నట్టు పోతే ఇనుప దుకాణంలో ఏదో ఒకటి తేవద్దు. సైకిలు దుకాణంలోనే అడగండి.

సరైన బోల్టు ఎట్లా తెలుస్తుంది?

ఒకటి: పాత బోల్టును మాదిరిగా తీసుకుపోండి. అది పడిపోతే రెండో పక్కది విప్పి తీసుకుపోండి.

రెండు: కొత్త బోల్టును పాతదాని పక్కన ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. దీని మరలు దాని సందుల్లో కూర్చోవాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే అది వేరే రకం.

మూడు: మొదట చేతి వేళ్లతోనే తిప్పండి. పానా ముట్టద్దు. మూడు నాలుగు చుట్లు వేళ్లతో సులువుగా పోవాలి. ఆగితే వెనక్కి తిప్పి తీయండి. వంకరగా పెట్టామేమో, రంధ్రంలో రంగు, మట్టి ఉన్నాయేమో చూడండి. అప్పటికీ పోకపోతే ఆ బోల్టు మనది కాదు.

నాలుగు: పొడవు చూడండి. ఫ్రేము మరల్లోకి కనీసం ఆరు చుట్లు పోవాలి. అంతకన్నా తక్కువ పోతే బరువుకు ఊడుతుంది. ఎక్కువ పొడవైతే లోపలి పక్క పొడుచుకు వస్తుంది. గొలుసు ఉన్న పక్క అయితే గొలుసుకు తగులుతుంది. బిగించాక చక్రం తిప్పి చూడండి.

ఐదు: రంధ్రంలో మరలు లేకపోతే వెనక నట్టు పెట్టాలి. బోల్టు నట్టును దాటి ఒకటి రెండు మరలు బయటికి రావాలి. నట్టు కింద స్ప్రింగు వాషరు వేయండి. అది ఒకచోట కోసిన ఉంగరం లాగా ఉంటుంది. నట్టు వదులు కాకూడదని దాన్ని వేస్తారు.

కొన్ని క్యారియర్ల కాళ్లను వెనక ఇరుసుకే తగిలిస్తారు. అప్పుడు ఇరుసు నట్టు నిండుగా మరలు పట్టిందో లేదో చూడండి. కొసకు రెండు మరలే పడితే చక్రమే వదులవుతుంది.

రంధ్రమే లేకపోతే?

ఫ్రేముకు రంధ్రం లేదని బెజ్జం వేయించద్దు. ఫ్రేము గొట్టం పలచన. బెజ్జం దగ్గరే పగులు మొదలవుతుంది. గొట్టం చుట్టూ పట్టే క్లిప్పు దొరుకుతుంది. దాని కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించండి. అప్పుడు జారదు, రంగు పోదు.

బిగించే ముందు మర మీద ఒక చుక్క నూనె వేయండి. తుప్పు పట్టదు. వారం తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి. కొత్తగా పెట్టినవి మొదట్లో వదులవుతాయి.

ఇది ఆడవాళ్ల పనేనా?

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. అక్కడ 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువుతో పాటు ఆడవాళ్లు సైకిలు కూడా నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అండగా నిలిచారు. పొలం కూలీలు, రాళ్ల క్వారీల్లో పనిచేసే ఆడవాళ్లు, ఊరి నర్సులు వేల మంది సైకిలు ఎక్కారు. బస్సు కోసం ఎదురుచూడటం తగ్గింది. బజారుకు, పనికి ఇంకొకరు తీసుకుపోవాలన్న అవసరం తగ్గింది.

సైకిలు తొక్కే చేతికి పానా బరువు కాదు. పానా మీద ఉన్నది 8, 10 అంకెలే కదా! వాటిని మనం చదవగలం. స్కేలు మీది గీతలు లెక్కపెట్టగలం. దుకాణంలో వేలు చూపించే బదులు "ఎం-5 బోల్టు, 15 మిల్లీమీటర్ల పొడవు, స్ప్రింగు వాషరుతో" అని అడగగలం. అట్లా అడిగిన మనిషికి అందాజు సరుకు ఎవరూ ఇవ్వరు.

చేసి చూడండి

1. మీ ఇంటి సైకిలుకు క్యారియరు, బుట్ట, జాలీ ఎన్ని బోల్టులతో ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.

2. వాటిలో వేళ్లతో కదిలేవి ఎన్ని? ఈ రోజే బిగించండి.

3. ఒక బోల్టు విప్పి, దాని లావు, పొడవు స్కేలుతో కొలవండి. పలక మీద రాసి, పక్కింటి అక్కకు చూపించండి.