ఈలకు దక్కిన ఒక్క సీటు

ఎమ్మెల్యేగా నిలబడాలంటే ముందు ఏం ఉండాలి? చదువా, సేవా, సిద్ధాంతమా? ఏ రచ్చబండ దగ్గర అడిగినా వచ్చే జవాబు ఒక్కటే... డబ్బు! ఓటుకింత, వార్డుకింత, కార్యకర్తల భోజనాలకింత. ఆ లెక్క వేసుకోకుండా బరిలో దిగితే డిపాజిట్టయినా దక్కదన్నది రాజకీయాల్లో తలపండినవాళ్ల మాట. 2009లో కూకట్‌పల్లి ఓటర్లు ఆ మాట తప్పని చూపించారు. నోట్లు, సీసాలు పంచబోమని ముందే చెప్పేసిన లోక్‌సత్తా పార్టీ అధినేత జయప్రకాశ్ నారాయణ్‌ను 15 వేలకు పైగా మెజారిటీతో అసెంబ్లీకి పంపారు. రాష్ట్రం మొత్తమ్మీద ‘ఈల’ గుర్తుకు దక్కిన సీటు అదొక్కటే!

వైద్యుడు... కలెక్టరు... కార్యకర్త

1956 జనవరి 14న పుట్టిన జేపీ గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివారు. మెడలో స్టెతస్కోపుతో స్థిరపడాల్సిన మనిషి సివిల్స్ రాశారు. 1980 ఐఏఎస్ బ్యాచ్‌లో జాతీయస్థాయి రెండో ర్యాంకు. ప్రకాశం, తూర్పుగోదావరి జిల్లాలకు కలెక్టరుగా పనిచేశారు. గవర్నరు, ముఖ్యమంత్రి కార్యాలయాల్లో కార్యదర్శిగా అధికారాన్ని అతి దగ్గర్నుంచి చూశారు. అక్కడే ఆయనకో విషయం అర్థమైంది. మంచి అధికారి వస్తే ఆ జిల్లాకు నాలుగు పనులు జరుగుతాయి. బదిలీ అయితే మళ్లీ మొదటికే! మారాల్సింది మనుషులు కాదు, నియమాలు అనుకున్నారు. 1996లో ఉద్యోగానికి రాజీనామా చేసి లోక్‌సత్తా ఉద్యమానికి శ్రీకారం చుట్టారు.

సభలోకి రాకముందే...

శాసనసభ్యుడి పని శాసనాలు చేయడం. జేపీ విషయంలో చిత్రం ఏమిటంటే, చట్టాల మీద ఆయన ప్రభావం ఎక్కువగా కనిపించేది సభలో అడుగుపెట్టకముందే. 1999 ఎన్నికల్లో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాను లోక్‌సత్తా బయటపెట్టింది. అప్పటికి అదో సంచలనం. అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కంటూ 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును నీరుగార్చేలా కేంద్రం చట్టాన్ని సవరించింది. ఆ సవరణను సవాలు చేసినవారిలో లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. నామినేషన్‌తో పాటు కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇవ్వడం అలా స్థిరపడింది.

అదే ఏడాది ఎన్నికల నిధుల మీద మరో చట్టం వచ్చింది. పార్టీలకు విరాళమిచ్చేవారికి ఆదాయపు పన్ను మినహాయింపు, 20 వేల రూపాయలు దాటిన విరాళాల వివరాలు ఎన్నికల సంఘానికి సమర్పించాలన్న నిబంధన... రెండూ అందులోవే. లోక్‌సత్తా ఏళ్ల తరబడి అడిగిన సంస్కరణల్లో ఇదీ ఒకటి. దొంగచాటుగా ఇచ్చే సొమ్మును రశీదు దారిలోకి తేవాలన్నది ఉద్దేశం. తర్వాత జేపీ జాతీయ సలహా మండలిలో, వీరప్ప మొయిలీ నేతృత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘంలో సభ్యుడయ్యారు. 2006 అక్టోబరు 2న ఉద్యమాన్ని రాజకీయ పార్టీగా మార్చారు.

ఒక్కడే సభ్యుడు

సభలో ఏ పార్టీకి ఎంత సమయమన్నది ఆ పార్టీ బలాన్ని బట్టి ఉంటుంది. ఒక్క సభ్యుడున్న పార్టీకి దక్కేవి కొద్ది నిమిషాలే. బిల్లులు తెచ్చేది ప్రభుత్వం. ఎటు ఓటెయ్యాలో చెప్పేది విప్. మామూలు సభ్యుడు సొంతంగా బిల్లు పెట్టి గట్టెక్కించడం దాదాపు అసాధ్యం. పార్లమెంటులోనే 1970 తర్వాత ఒక్క ప్రైవేటు బిల్లూ చట్టం కాలేదు! అందుకే జేపీ ఆ అయిదేళ్లూ గణాంకాలతో, వాదనలతోనే నెట్టుకొచ్చారు. బడ్జెట్, స్థానిక సంస్థల అధికారాలు, అవినీతి ఆయనకు ఇష్టమైన అంశాలు. రాష్ట్ర విభజన ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, 2011 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఆవరణలోనే ఆయన మీద దాడి జరిగింది.

కాగితం మీద పది లక్షలు

2009లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లోగా లెక్కలు అప్పగించాలి. కాగితం మీద అందరూ ఆ గీత లోపలే! పైగా పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితే లేదు. ఆ పరిమితి 2011లో 16 లక్షలకు, 2014లో 28 లక్షలకు, 2022లో 40 లక్షలకు పెరిగింది. చట్టం పెంచిన గీత కన్నా ఖర్చు ఎప్పుడూ నాలుగడుగులు ముందే ఉంది.

దీనికి జేపీ చెప్పే కారణం ఆసక్తికరం. మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే గెలుపు. గట్టి పోటీలో ఆ చివరి రెండు, మూడు శాతం ఓట్లే కీలకం. ఆ కాసిని ఓట్ల కోసమే కోట్లు కుమ్మరిస్తారు. అందరూ పంచుతుంటే పంచనివాడు ఓడిపోతాడు. పంచినా గెలుస్తానన్న నమ్మకం మాత్రం ఎవరికీ లేదు! అందుకే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి కావాలంటారాయన. దానివల్ల అస్థిర ప్రభుత్వాలొస్తాయన్నది వ్యతిరేకించేవారి వాదన.

ఆయన లెక్క ఆయన పార్టీకే రుజువైంది. రాష్ట్రవ్యాప్తంగా పోటీచేసిన లోక్‌సత్తా ఓట్ల వాటా రెండు శాతం లోపే. చదువుకున్న మధ్యతరగతి ఎక్కువగా ఉన్న కూకట్‌పల్లిలో మోగిన ఈల పల్లెల్లో వినిపించలేదు. 2014లో మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో జేపీ ఓడిపోయారు. 2016లో పార్టీ ఎన్నికలకు దూరం జరిగింది.

నిధుల గుట్టు విషయంలోనూ దేశం ఓసారి వెనక్కి నడిచింది. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లతో ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకు తెలియకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కుందన్న పాత సూత్రమే మళ్లీ గెలిచింది.

కూకట్‌పల్లి గెలుపు అయిదేళ్ల ముచ్చటే కావచ్చు. కానీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అభ్యర్థి మీద కేసులెన్ని, ఆస్తులెన్ని అని పేపర్లో చదివి జనం చర్చించుకుంటున్నారంటే... ఆ అఫిడవిట్ వెనకున్న పోరాటంలో ఆయనకూ వాటా ఉంది. చదివాక ఎవరికి ఓటేయాలన్నది మాత్రం ఓటరు చేతిలోనే ఉంది!