మీకు తెలుసా? ఒకే హెలికాప్టర్, ఎన్నో పనులు

మి-8 హెలికాప్టర్‌ను సోవియట్ రూపశిల్పి మిఖాయిల్ మిల్ బృందం తయారుచేసింది. పిస్టన్ ఇంజిన్‌తో ఎగిరే మి-4 స్థానంలోకి రావాలన్నది లక్ష్యం. 1961లో తొలి నమూనా ఒకే టర్బైన్ ఇంజిన్‌తో ఎగిరింది. ఒక ఇంజిన్ ఆగినా రెండోది కాపాడాలని మరుసటి ఏడాదే రెండు ఇంజిన్ల నమూనాను ఎగరేశారు. ఈ హెలికాప్టర్ దశాబ్దాల పాటు నిలవడానికి ఆ నిర్ణయమే పునాది.

వేడి ప్రాంతాల్లోనూ ఎత్తయిన కొండల్లోనూ గాలి పలచగా ఉంటుంది. రెక్కలకు పట్టు తగ్గి, ఇంజిన్ శక్తి కూడా పడిపోతుంది. అందుకే మరింత బలమైన ఇంజిన్లు అమర్చి మి-17ను రూపొందించారు. రెంటినీ గుర్తుపట్టడం తేలికే: మి-8కు తోక రెక్క కుడివైపున, మి-17కు ఎడమవైపున ఉంటుంది.

ఈ హెలికాప్టర్ లోపల సుమారు 4 టన్నుల సరుకు పడుతుంది. సీట్లు వేస్తే సైనికులను, స్ట్రెచర్లు బిగిస్తే క్షతగాత్రులను తరలిస్తుంది. బరువైన సామగ్రిని కింద తాడుకు వేలాడదీసి మోస్తుంది. కార్చిచ్చుపై నీళ్లు కుమ్మరిస్తుంది. రాకెట్లు తగిలిస్తే యుద్ధానికీ పనికొస్తుంది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదస్థలంపైనా మి-8లు ఎగిరాయి; ఆ అక్టోబరులో ఒకటి క్రేన్ తీగకు తగిలి కూలి, అందులోని నలుగురూ మరణించారు.

భారత వాయుసేన మి-17 వి5 రకాన్ని వాడుతోంది. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో ఇవి వేలమందిని కాపాడాయి. జూన్ 25న గౌరీకుండ్ సమీపంలో ఒకటి కూలి, అందులోని 20 మంది ప్రాణాలర్పించారు.