వాడేది తక్కువ, కాలువ చేరేది ఎక్కువ

ఉత్తర చెన్నైలో వ్యాసర్పాడి మీదుగా పారే కెప్టెన్ కాటన్ కాలువ బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి చెన్నపట్నానికి పడవల్లో సరుకులు తెచ్చిన బకింగ్‌హామ్ కాలువ ఇప్పుడు మురుగుతో పాటు కవర్లను, సీసాలను, షాంపూ ప్యాకెట్లను మోస్తోంది. ఆ పక్కనే కొడుంగైయూరులో 340 ఎకరాలకు పైగా ఉన్న చెత్త యార్డులో దశాబ్దాలుగా నగర చెత్త గుట్టలు పడింది.

ఈ దృశ్యం చూసినవారు ఇక్కడి జనం ప్లాస్టిక్‌ను విచ్చలవిడిగా వాడుతున్నారనుకుంటారు. నిజం వేరు. ఎక్కువగా సంపన్న దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ సంస్థ లెక్క ప్రకారం 2019లో అమెరికాలో తలకు 221 కిలోల ప్లాస్టిక్ చెత్త పోగైంది. ఆ సంస్థలోని ఐరోపా దేశాల్లో 114 కిలోలు, జపాన్, దక్షిణ కొరియాల్లో 69 కిలోలు. భారతదేశంలో అది 15 కిలోల లోపే.

అయినా నేలలోకి, నీటిలోకి, గాలిలోకి ప్లాస్టిక్‌ను వదిలే దేశాల్లో మనదే మొదటి స్థానం. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో 'నేచర్' పత్రికలో వేసిన అంచనా ప్రకారం మన దేశం ఏటా వదులుతున్నది 93 లక్షల టన్నులు. ప్రపంచం మొత్తం మీద ఇది దాదాపు ఐదో వంతు. ఇందులో 58 లక్షల టన్నులు ఆరుబయట తగలబెట్టేవి; మిగతాది వీధుల్లో, వాగుల్లో పడేది. మనకన్నా ఎన్నో రెట్లు వాడే అమెరికా ఆ జాబితాలో 90వ స్థానంలో ఉంది.

తేడా ఎక్కడుంది? చెత్తను ఇంటి దగ్గర ఎత్తడంలో.

సంపన్న దేశాల్లో చెత్తబండి దాదాపు ప్రతి ఇంటికీ వస్తుంది. అలాగని అక్కడ ప్లాస్టిక్ మాయమైపోదు. అమెరికాలో ఎక్కువ భాగాన్ని భూమిలో పూడుస్తారు. కొంత ఏళ్ల తరబడి చైనాకు ఓడలెక్కింది. 2018లో చైనా తలుపులు మూసేశాక మలేషియా, వియత్నాం వంటి దేశాలకు మళ్లింది. ప్రపంచమంతా కలిపి మళ్లీ సరుకుగా మారుతున్నది 9 శాతమే.

మన దగ్గర చెత్త ఏరుకునేవారు నీళ్ల సీసాను వదలరు, పాత సామాన్ల కొట్లో దానికి కిలో ధర ఉంది. షాంపూ ప్యాకెట్‌ను ఎవరూ ముట్టరు. పలుచని పొరలు అతికించి చేసిన ఆ ప్యాకెట్‌ను విడదీయడం కష్టం, బరువు ఏమీ ఉండదు. పెద్ద సీసా కొనలేని పేదింటికి షాంపూ అందించింది ఆ చిన్న ప్యాకెట్టే. దాన్ని ఊరూరా అమ్మి విజయం సాధించిన చిక్ షాంపూ పుట్టింది కూడా తమిళనాడులోనే. 2019 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రం నిషేధించిన 14 రకాల వస్తువుల్లో క్యారీ బ్యాగులు, ప్లాస్టిక్ కప్పులు ఉన్నాయి గానీ, షాంపూ ప్యాకెట్లు లేవు.

ఖాళీదానికి వెల కడితే అది వెనక్కి వస్తుంది. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడి పారేసే పానీయాల సీసాకు 25 సెంట్లు అదనంగా కట్టించుకుని, ఖాళీ సీసా తెచ్చినప్పుడు తిరిగి ఇస్తున్నారు. 90 శాతానికి పైగా వెనక్కి వస్తున్నాయి. ఇది మనకు కొత్త కాదు. మద్రాసు హైకోర్టు చొరవతో 2022లో నీలగిరి జిల్లాలో ప్రభుత్వ మద్యం దుకాణాల సంస్థ టాస్మాక్ అమ్మే మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే వాపసు చేయడం మొదలుపెట్టారు. అక్కడి అడవిలో గాజు పెంకులు తగ్గించడానికి పనికొచ్చిన పద్ధతి ప్లాస్టిక్‌కూ పనికొస్తుంది.

అందువల్ల వ్యాసర్పాడి వాసులకు పొదుపు గురించి బోధించడం అన్యాయం. ప్రతి వీధికీ రోజూ చెత్తబండి రావాలి. ఖాళీ ప్యాకెట్‌కు వెల కట్టి వెనక్కి తీసుకునే బాధ్యత దాన్ని తయారుచేసిన కంపెనీ మీద పడాలి.