కణం పొర చిరిగితే: అపోహలు – వాస్తవాలు

అపోహ: పొర చిరిగిన కణం చచ్చినట్టే.

వాస్తవం: జంతుకణాల పైపొర చిరగడం రోజూ జరిగేదే. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అలవాటులేని అలాంటి శ్రమలో కొన్ని కండర తంతువుల పొరకు చిల్లులు పడతాయి. పేగు గోడ కణాలకూ, చర్మకణాలకూ ఈ బాధ తప్పదు. వాటిలో చాలావరకు నిమిషం తిరిగేసరికే చిల్లు పూడ్చుకుని బతికి బట్టకడతాయి.

అపోహ: పొరలో ఉన్నది కొవ్వే కనుక దానంతటదే అతుక్కుంటుంది.

వాస్తవం: నానోమీటర్లలో కొలిచే రంధ్రాల వరకు ఇది కొంత నిజం. చిల్లు అంతకన్నా పెద్దదైతే, పొరను లోపలి నుంచి పట్టి ఉంచే ప్రోటీన్ పోగులు అంచులను దగ్గరికి రానివ్వవు. సీ అర్చిన్ అండాన్ని కాల్షియం లేని ద్రవంలో ఉంచి గుచ్చితే చిల్లు పూడదు, అండం పగిలిపోతుంది. కాల్షియం ఉంటే నిలుస్తుంది.

అపోహ: కాల్షియం సున్నంలా పేరుకుని చిల్లును మూస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా పాతుకుపోయిన పొరపాటు ఇదే. కాల్షియం ఇక్కడ పూత కాదు, ప్రమాద సంకేతం. కణం బయట కాల్షియం అయాన్ల గాఢత లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ. చిల్లు పడగానే అవి లోపలికి దూసుకొస్తాయి. నాడీకణాలు రసాయన సందేశాలను వదిలే పద్ధతిలోనే, కణంలోని పొర సంచులు అప్పుడు పైకి వచ్చి పైపొరతో కలుస్తాయని 1994లో రిచర్డ్ స్టైన్‌హార్ట్ బృందం చూపింది. వాటిలో లైసోజోములూ ఉన్నాయని 2001లో నార్మా ఆండ్రూస్ బృందం తేల్చింది. పాఠ్యపుస్తకాల్లో ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’గా పేరుపడినవే కణాన్ని కాపాడుతున్నాయన్నమాట! లైసోజోముల నుంచి వెలువడే ఒక ఎంజైము పొరను లోపలికి వంచుతుంది, దాంతో చిల్లుపడిన ముక్కను కణం మింగేస్తుంది. చిల్లు మరీ చిన్నదైతే ఎస్కార్ట్ ప్రోటీన్లు ఆ భాగాన్ని తుంచి బయటికి వదిలేస్తాయి.

అపోహ: కాల్షియం మాత్రలు వేసుకుంటే ఈ మరమ్మతు జోరందుకుంటుంది.

వాస్తవం: రక్తంలో కాల్షియం డెసీలీటరుకు సుమారు 8.5–10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా పారాథైరాయిడ్ హార్మోన్ చూసుకుంటుంది. మరమ్మతుకు అది చాలు. పైగా కణం లోపల కాల్షియం ఎక్కువసేపు నిలిచిపోతే ప్రోటీన్లను కోసే ఎంజైములు అదుపు తప్పి కణాన్నే చంపుతాయి.

లోపం కాల్షియంలో కాక మరమ్మతు యంత్రాంగంలో ఉంటే ఏమవుతుందో డిస్‌ఫెర్లిన్ జన్యువు దెబ్బతిన్నవారిలో కనిపిస్తుంది. వారి కండర కణాల్లోకి కాల్షియం వస్తుంది, చిల్లు మాత్రం సరిగా పూడదు. సాధారణంగా కౌమారం చివర్లోనో యౌవనం తొలినాళ్లలోనో తొడ, పిక్క కండరాలు క్షీణించడం మొదలవుతుంది. కాల్షియం మాత్రలు ఆ జబ్బుకు మందు కావు.