పేరొకటి, పనిచేసిన చేయి మఱియొకటి

నగ కొనునపుడు మనము అంగడి పేరు చూచి ఊరకుండము. గీటుఱాతిపై గీయింతుము, ముద్ర యెక్కడ నున్నదో తిరుగవేసి చూతుము. కాని తాతలనాటి జోడుగొట్టముల తుపాకి యొకటి బీరువా వెనుకనుండి బయటపడినపుడు మాత్రము, దానిపై చెక్కియున్న యింగ్లీషు పేరును చదివి, ఇది ఫలానా దొరలు చేసినదని నమ్మివేయుదుము. వెలకట్ట వచ్చినవాడును ఆ పేరునే చూపి, తనకు లాభమైనచో గొప్పదనును, కానిచో పనికిరానిదనును. తుపాకి మగవారి వస్తువు గదా, మనకేల యని సోదరీమణులు తలంపవలదు. ఇంటి యజమాని గతించిన పిమ్మట దాని భారము పడునది ఇల్లాలిమీదనే.

కాజీపేటవంటి యూర నిట్టి తుపాకి కనబడుట వింతగాదు. 1883లో లండనునందు ఏర్పడిన నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీవారి దారి 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును చేరెను. 1929లో బలార్షా మార్గము పూర్తియగుటతో కాజీపేట పెద్ద కూడలి యయ్యెను. 1930లో ఆ రైల్వేను నిజాము ప్రభుత్వమే తీసికొనెను. ఇంజనీరు దొరలును, ఆంగ్లో ఇండియను ఉద్యోగులును కాపురముండిన యూరు. సమీపముననే కాకతి గణపతిదేవుని కాలమునాటి పాకాల చెఱువు, దానిచుట్టు దట్టమైన యడవి. దొరలు స్వదేశమునకు పోవునపుడు బల్లలు, కుర్చీలు, పియానోలతో పాటు తుపాకులును చేతులు మారుట సహజము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేట నిలిచినది. తుపాకికి పని పోయినది. పేరుమీది మోజు మాత్రము పోలేదు.

ఆ పేరు సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. ఇంగ్లాండులోని బర్మింగుహామున తుపాకి యొక్కని చేతిమీద తయారగునది కాదు. గొట్టము లొకరు, లాకు లింకొకరు, కొయ్యపని మఱియొకరు, చెక్కడపు పని వేఱొకరు చేయుదురు. మన నేతచీర యెట్లు నూలు వడికినవారి చేతినుండి అద్దకమువారికి, వారినుండి మగ్గమునకు పోవునో అట్లే. తుదకు అమ్మెడి అంగడివారు తమ పేరు చెక్కించుకొందురు. కలకత్తా రాడ్డా కంపెనీ, మద్రాసు పి. ఆర్ అండ్ సన్సు అట్టి వర్తకులే. (1914 ఆగస్టులో విప్లవకారులు 50 మౌజరు పిస్తోళ్లను ఎత్తుకొనిపోయినది ఈ రాడ్డావారి సరకులోనుండియే.) కావున తుపాకిపై రాడ్డా యని యున్నచో, కొన్న యంగడి తెలిసినదే గాని చేసినవాడు తెలియలేదు. ఇందులో మోసమేమియు లేదు. అది నాటి వర్తక మర్యాద.

మోసము వేఱుగా నున్నది. జోసెఫ్ మాంటన్ అను లండను పనివాని కీర్తి యెంతటిదనగా, అతడు 1835లో చనిపోయిన చాలకాలమునకు గూడ మాంటన్ పేరు తుపాకులపై చెక్కబడుచునే యుండెను. గొట్టము వెనుకనుండి తోటా పెట్టెడి తుపాకులు ఇంగ్లాండున వ్యాపించినది 1851 నాటి లండను మహాప్రదర్శనము తరువాతనే. అట్టి తుపాకిపై జోసెఫ్ మాంటన్ పేరున్నచో అది యాతని చేతిపని యెట్లగును? అట్లే వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీ పేరు గొప్పది. దానిని తలపించునట్లు ఊరక "రిచర్డ్స్" అని చెక్కిన బెల్జియము తుపాకులు లోకమంతట అమ్ముడుపోయినవి.

మఱి నిజము చెప్పునది యెయ్యది? పైకి కనబడని ముద్రలు. తుపాకి ఖాళీగా నున్నదని లైసెన్సుగల పనివాడు చూచిన పిమ్మట, అతనిచేతనే గొట్టములను ఊడదీయించి వాని యడుగుభాగము చూడవలెను. గొట్టము పగులకుండ నిలుచునో లేదో యని ఎక్కువ మందు కూరి కాల్చి పరీక్షించి ప్రభుత్వ చట్టము ననుసరించి వేసిన ముద్ర లచ్చట నుండును. లండను పరీక్షాశాల ముద్ర కిరీటము క్రింద పెనవేసిన జి, పి అక్షరములు. 1813లో నెలకొన్న బర్మింగుహాము శాలవారిది 1904 వఱకు కిరీటముతోడి రెండు అడ్డదండములు. తరువాత కిరీటము క్రింద బి.పి. గ్రుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అని యున్నచో అది బెల్జియములోని లీజి పట్టణపు ముద్ర. ఇక పైనున్న ఇంగ్లీషు పేరు ఎంత యందముగా నున్నను నమ్మరాదు.

కాలమునుగూడ ముద్రలే చెప్పును. "నాట్ ఫర్ బాల్" అను మాటలు 1875 నుండి 1887 వఱకు వేసినవి. పిమ్మట వానికి బదులు "చోక్" అను మాట వచ్చెను. వెబ్లీవారును స్కాటువారును కలిసినది 1897లో. అడుగున "నాట్ ఫర్ బాల్" ఉండి పైన "వెబ్లీ అండ్ స్కాట్" అని యున్నచో, ఆ పేరు పిదప చెక్కినదని చిన్నపిల్లయైనను చెప్పగలదు. ముద్రల ప్రక్కనే చిన్న చిన్న అక్షరములుండును. అవి గొట్టము చేసినవాని పేరి మొదటి యక్షరములు కావచ్చును. లాకు పలక లోపలివైపున లాకు చేసినవాని గుర్తు దొరకవచ్చును. అంగడివాడు దాచినచోట పనివాడు మెల్లగా తన పేరు చెప్పుకొనును. నాకు ఈ విద్యలోనెల్ల ఇదియే ముచ్చట.

గొట్టముపై నీటి యలలవంటి చారలున్నచో దానిని డమాస్కసు గొట్టమందురు. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునుండి పారసీక వర్తకులు కొనిపోయిన ఉక్కు కత్తులపైనను అట్టి చారలే యుండెడివి గాని, రెండును ఒకటి కావు. కత్తి చార మూసలో కరగిన ఉక్కులోనే పుట్టినది. గొట్టపు చార ఇనుప, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి కాచి అతికించుటచే వచ్చినది. అతుకుల నడుమ లోలోపల త్రుప్పు పట్టియుండవచ్చును. ఇట్టి పాత గొట్టములలో పెక్కు నల్లమందునకు మాత్రమే పరీక్షింపబడినవి. "నైట్రో ప్రూఫ్" అను ముద్ర లేని దానిలో నేటి తోటా పెట్టి పండుగనాడు కాల్చి చూతమని బయలుదేరు మఱదులను, కొడుకులను గట్టిగా నాపవలెను. గొట్టము పగిలినచో పోవునది ముందు ఎడమచేయి.

వరుస సంఖ్య యొకటి తప్పక వ్రాసికొనుడు. పర్డీవంటి కంపెనీలు తమ పాత చిట్టాలను భద్రపఱచినవి. సంఖ్య పంపినచో ఏ యేట, ఎవరికి చేసినదో తెలుపగలరు. సంఖ్యయు పేరును చిట్టాతో కలియకున్నచో పేరు దొంగదే.

ఇక లైసెన్సుదారు మరణించిన పిమ్మట తుపాకిని పెట్టెలో దాచియుంచుట నేరము. పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకుని యొద్దనో ఒప్పగించి రసీదు పుచ్చుకొని, వారసురాలిగా లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. 1959 ఆయుధ చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము ఒకరికి రెండు తుపాకులకు మించి యుండరాదు. బాగుచేసినను కాల్చ వీలుకాని పురాతనపు వానికి చట్టములో మినహాయింపు కలదు గాని, మీది అట్టిదని మీకు మీరే నిశ్చయించుకొనరాదు. నూఱేండ్లు దాటినదైనచో 1972 నాటి పురావస్తు చట్టమునుబట్టి దేశము దాటించుటకు వీలులేదు. ఒప్పగించునపుడు రసీదులో పైనున్న పేరు మాత్రమే వ్రాయించి తృప్తిపడక, సంఖ్యను, అడుగునున్న ముద్రలను గూడ వ్రాయించుకొనుడు. ముందుగానే వానికి ఫొటో తీయించి యింట నుంచుకొన్నచో, తిరిగి వచ్చునపుడు మీ తుపాకియే వచ్చినదో, మఱియొకటి వచ్చినదో తెలియును.